పదమూడేళ్ళ పదకొండు నెలలకు ఎవరెస్టు, ఆ తరువాత ఎనిమిదేళ్ళు: మాలావత్ పూర్ణ ఏడు శిఖరాలు

విభాగం: సాహస క్రీడలు – పర్వతారోహణ

మెట్లబావి | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఈ విభాగం చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. మొన్న సెలవుల్లో భువనగిరి గుట్ట మీద రెండు రోజుల రాక్ క్లైంబింగ్ శిక్షణకు పంపించాము. తిరిగి వచ్చినప్పటి నుంచి మాలావత్ పూర్ణ పేరు తప్ప మరో పేరు ఎత్తడం లేదు. గోడకు ప్రపంచ పటం అంటించి ఏడు ఖండాల్లో ఎత్తైన ఏడు శిఖరాల దగ్గర ఎర్ర చుక్కలు పెట్టుకుంది. ఇంతవరకు మాకూ సంతోషమే.

పోయిన వారం ఒక యాత్రా సంస్థ వారు ఫోను చేశారు. పదమూడు నిండేలోపు పాపను ఆఫ్రికాలోని కిలిమంజారో ఎక్కిస్తారట, రికార్డు పత్రం వారే ఇప్పిస్తారట, పత్రికలో ఫోటో కూడా వస్తుందట. వారు చెప్పిన మొత్తం మా ఇంట్లో రెండేళ్ళ పొదుపు. నేను ఒక చిన్న కంపెనీలో లెక్కలు రాసే మనిషిని. మా ఆవిడ వద్దంటోంది, పాప రోజూ అడుగుతోంది, నాకు నిద్ర పట్టడం లేదు.

డబ్బు సంగతి నేను చూసుకుంటాను. వయసు రికార్డు వల్ల పిల్లలకు నిజంగా ఒరిగేదేమిటి? పూర్ణ ప్రయాణం తెలిసినవారు, కొండలు ఎక్కినవారు దయచేసి చెప్పండి.

ఇందూరు_పసుపు | శనివారం, రాత్రి 9:42

మా జిల్లా అమ్మాయి పేరు వచ్చాక నేను ఊరుకోలేను.

పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు, లంబాడా కుటుంబం. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతుండగా శిక్షణకు ఎంపికైంది. 2014 మే 25 ఉదయం ఎవరెస్టు మీద నిలబడింది. మరో ఎనిమిది రోజులకు తెలంగాణ రాష్ట్రం వచ్చింది. ఆ వారం ఇందూరులో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఈ రెండే మాటలు. మా నాయనమ్మకు ఎవరెస్టు ఎక్కడుందో తెలియదు. "ఆ పిల్ల మబ్బుల మీదికి నడిచిపోయి మళ్ళీ ఇంటికి వచ్చిందట" అని వాడకట్టంతా తిరిగి చెప్పింది. మళ్ళీ ఇంటికి రావడమే ఆమెకు గొప్పగా తోచింది.

ప్రపంచంలో ఇంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కినవారు మరొకరు లేరు. అంతటి రికార్డు పిల్లకు ఏమిస్తుందని అడుగుతారేమిటి సోదరా? పేరు ఇస్తుంది, ధైర్యం ఇస్తుంది. పంపించండి.

తూనికరాయి | శనివారం, రాత్రి 10:05

ఇందూరు_పసుపు గారూ, ఒక చిన్న సవరణ. ఎవరెస్టు ఎక్కిన బాలికలందరిలో పూర్ణ చిన్నది. మొత్తం మీద చిన్నవాడు అమెరికా కుర్రాడు జోర్డన్ రొమేరో. 2010 మే 22న ఎక్కేనాటికి అతని వయసు 13 ఏళ్ళ 10 నెలలు, పూర్ణకు 13 ఏళ్ళ 11 నెలలు. ఇద్దరూ టిబెట్ వైపు నుంచే ఎక్కారు. పదహారు నిండనివారికి నేపాల్ అనుమతి ఇవ్వదు.

మెట్లబావి గారూ, మీరు గమనించవలసింది ఇక్కడే ఉంది. పూర్ణకూ రొమేరోకూ తేడా ఒక్క నెల. ఆ నెలకూ కొండ ఎక్కే సత్తాకూ సంబంధం లేదు. ఎవరు ఏ నెలలో పుట్టారు, ఆ ఏడాది వాతావరణం ఏ వారం తెరిపి ఇచ్చింది, అంతే. ఇలాంటి లెక్కతో బిడ్డను ముడిపెట్టడం నాకు భయం పుట్టిస్తుంది. పైగా పుట్టినరోజు గడువుగా మారితే, వెనక్కి రావలసిన చోట కాళ్ళు ముందుకే పడతాయి.

నిర్వాహకులు | శనివారం, రాత్రి 10:20

మెట్లబావి గారికి స్వాగతం. ఫోను చేసిన సంస్థ పేరు ఎవరూ అడగవద్దు, ఊహించి రాయవద్దు. చర్చ సాగించండి.

గురుకులం_టీచర్ | శనివారం, రాత్రి 11:30

నేను పదహారేళ్ళుగా గురుకులాల్లో పాఠాలు చెబుతున్నాను. తూనికరాయి గారి మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం కోసం కొంచెం వివరంగా రాయనివ్వండి.

పూర్ణను ఎవరో ఒక రోజు చూసి ఎవరెస్టుకు పంపించలేదు. అప్పటి గురుకులాల సంస్థ కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ చొరవతో, శిక్షకుడు శేఖర్‌బాబు బాచినేపల్లి ఆధ్వర్యంలో పిల్లలకు ముందు భువనగిరిలో రాతి మీద శిక్షణ ఇచ్చారు. అక్కడ నిలిచినవారిని డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. అక్కడా నిలిచినవారు శీతకాలంలో లద్దాఖ్ వెళ్ళారు. వందకు పైగా పిల్లలతో మొదలైన వడపోతలో చివరికి మిగిలింది ఇద్దరు, పూర్ణ, ఖమ్మం జిల్లా చర్ల ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమార్. ఆనంద్‌కు అప్పుడు పదహారేళ్ళు. ఇద్దరూ ఒకే రోజు శిఖరం చేరారు.

వాళ్ళు టిబెట్ వైపు ఉండగానే, 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు మంచువాలు మీద మంచుచరియలు విరిగిపడి పదహారు మంది నేపాలీ పర్వత కార్మికులు చనిపోయారు. ఆ రోజు మా స్టాఫ్ రూములో ఎవరూ అన్నం ముట్టలేదు. పిల్లలను వెనక్కి పిలిపించాలన్నవారు మాలోనే ఉన్నారు. నేనూ అదే అన్నాను. పిల్లలు తిరిగి రామన్నారని తరువాత తెలిసింది. ఆ రోజు నేనన్నది తప్పని ఈ రోజుకీ అనుకోను. కానీ వాళ్ళు వెళ్ళినందువల్ల ఏం జరిగిందో నా కళ్ళతో చూశాను.

ఆ జూన్‌లో బడి తెరిచిన రోజు, ఏడో తరగతిలో ఎప్పుడూ చివరి బెంచీలో తల వంచుకుని కూర్చునే ఒక తండా పిల్ల చేయి ఎత్తి, "టీచర్, ఆ అక్క మాలాగే లంబాడీలో మాట్లాడుతుందా?" అని అడిగింది. మాట్లాడుతుందని చెప్పాను. "మా అమ్మతో చెబుతాను" అంది. ఆ ఏడాదంతా ఆ పిల్ల ముందు బెంచీలోనే కూర్చుంది.

స్థోమత ఉన్న ఇంట్లో రికార్డు గోడకు వేలాడే పత్రం కావచ్చు. కూలీ ఇంటి పిల్లకు అదే తలుపు తెరిచే తాళంచెవి. ఆ "అతి చిన్న" అనే మాట లేకపోతే తరువాతి ఆరు శిఖరాలకు ఆమెకు ఎవరు డబ్బు పెట్టేవారు? మెట్లబావి గారికి ఇచ్చే సలహా వేరు కావచ్చు, కానీ రికార్డునే తేలిక చేసి మాట్లాడవద్దని అందరినీ వేడుకుంటున్నాను.

తూనికరాయి | ఆదివారం, ఉదయం 6:15

టీచర్ గారూ, మీ చివరి బెంచీ పిల్ల గురించి రెండుసార్లు చదివాను. తేలిక చేయాలన్న ఉద్దేశం నాకు లేదు. నా భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను.

2023 జులైలో నార్వే ఆరోహకురాలు క్రిస్టిన్ హరీలా, టెంజిన్ షెర్పా కలిసి 8,000 మీటర్లు దాటిన పద్నాలుగు శిఖరాలనూ 92 రోజుల్లో ఎక్కారు. మూడు నెలలైనా గడవకముందే, అక్టోబరు 7న, అదే టెంజిన్ టిబెట్‌లోని షిషాపాంగ్మా శిఖరం మీద మంచుచరియలు విరిగిపడి చనిపోయాడు. ఆ రోజు ఇద్దరు అమెరికా మహిళలు ఈ పద్నాలుగూ పూర్తి చేసిన మొదటి అమెరికన్ మహిళ అనిపించుకోవాలని పోటీపడుతున్నారు. ఇద్దరికీ మిగిలింది ఆ ఒక్క కొండే. వారిద్దరూ పోయారు, వారితో నడిచిన ఇద్దరు షెర్పాలూ పోయారు, ఆ ఇద్దరిలో ఒకడు టెంజిన్. కొండ మరుసటి ఏడాదీ అక్కడే ఉంటుంది. "మొదటి" అన్న మాట మాత్రం ఒక్కరికే దక్కుతుంది. మంచు పరిస్థితి బాగాలేని రోజున మనిషిని ముందుకు తోసేది ఆ మాటే.

పెద్దలే ఆగలేకపోయినప్పుడు పన్నెండేళ్ళ పిల్లను ఆగమని ఎవరు చెప్పగలరు? చెప్పవలసిన పెద్దలు డబ్బు తీసుకున్న సంస్థవారే అయితే?

పెన్నా_తీరం | ఆదివారం, ఉదయం 8:30

మాది నెల్లూరు. ఈ చర్చలో మల్లి మస్తాన్‌బాబు పేరు రాకపోతే నాకు తృప్తి ఉండదు.

సంగం దగ్గర గాంధీ జనసంఘం అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. కోరుకొండ సైనిక పాఠశాల, జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం. అంత చదువు చదివి, ఉద్యోగం వదిలేసి కొండలు పట్టాడు. 2006లో జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్‌తో మొదలుపెట్టి జులై 10న అలాస్కాలోని డెనాలీతో ముగించాడు. 172 రోజుల్లో ఏడు ఖండాల ఏడు శిఖరాలు, ఒక్కో శిఖరం వారంలో ఒక్కో రోజున. ఆనాటికి అది ప్రపంచ రికార్డు. అయినా ఆ సంగతి మన రాష్ట్రంలో ఎంతమందికి తెలుసు? 2015 మార్చిలో ఆండీస్‌లో ట్రెస్ క్రూసెస్ సుర్ మీద ఒంటరిగా వెళ్ళి కనబడకుండా పోయినప్పుడు, చాలామంది మొదటిసారి ఆ పేరు విన్నారు. ఏప్రిల్ 3న దేహం దొరికింది. నలభై ఏళ్ళ మనిషి.

ఊరికి తెచ్చిన రోజు నేను వెళ్ళాను. బడి పిల్లలు యూనిఫారాలతో ఎండలో వరుసగా నిలబడ్డారు. నా పక్కన ఒక ముసలి రైతు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, "అన్ని కొండలు ఎక్కినోడు గదా, ఇంకొకటి ఎందుకు నాయనా" అని తనలో తాను అనుకుంటున్నాడు. ఆయనకు ఏం చెప్పాలో నాకు తోచలేదు, ఇప్పటికీ తోచదు.

నేను ఎవరి పక్షమూ కాదు. మస్తాన్‌బాబు కొండను ప్రేమించాడు. రికార్డు వచ్చిన తరువాత కూడా తొమ్మిదేళ్ళు ఎక్కుతూనే ఉన్నాడు. మీ పాపకు ఇష్టం కొండ మీదనా, ఫోటో మీదనా అన్నది మీరే దగ్గర కూర్చుని తెలుసుకోవాలి.

నాడి | ఆదివారం, ఉదయం 10:50

వైద్యుడిని. రెండేళ్ళు లేహ్‌లో పనిచేశాను. పేరు ప్రతిష్ఠల సంగతి వదిలి శరీరం సంగతి చెబుతాను.

లేహ్ ఎత్తు 3,500 మీటర్లు. ఢిల్లీలో విమానం ఎక్కినవారు గంటన్నరలో అక్కడ దిగుతారు. ఒక సాయంత్రం తొమ్మిదేళ్ళ బాబును తెచ్చారు. "ప్రయాణపు అలసట డాక్టరుగారూ, నిద్రపోతున్నాడు" అంది తల్లి. తల నొప్పిగా ఉందా అని అడిగితే బాబు లేదన్నాడు. లేచి గీత మీద నడవమన్నాను. నాలుగో అడుగుకే పక్కకు ఒరిగాడు. మెదడుకు నీరు పట్టడం మొదలైంది. ఆక్సిజన్, డెక్సామెథాసోన్ ఇచ్చి ఆ రాత్రంతా దగ్గరే కూర్చున్నాము. తేరుకున్నాడు.

ఆ బాబు అబద్ధం చెప్పలేదు. తన ఒంట్లో జరుగుతున్నదాన్ని పోల్చుకుని చెప్పడం పిల్లలకు చేతకాదు. మరికొందరు, నాన్న తిట్టి వెనక్కి తీసుకువెళతాడని తెలిసే దాస్తారు. కొండ మీద పిల్లల విషయంలో నన్ను కలవరపెట్టేది ఇదే. చలి కూడా పిల్లలను తొందరగా పట్టుకుంటుంది. బరువుతో పోలిస్తే వారి చర్మం వైశాల్యం ఎక్కువ, ఒంటి వేడి త్వరగా పోతుంది.

ఇక కిలిమంజారో. తాడు అక్కరలేదు, నడిచి ఎక్కే కొండ, అందుకే అందరూ సులువనుకుంటారు. ఎత్తు 5,895 మీటర్లు, శిఖరం మీద గాలి పీడనం సముద్ర మట్టంలో ఉన్నదానిలో సుమారు సగం. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది పర్వత వైద్యంలో సాధారణ నియమం. కిలిమంజారో మీద మరంగు దారిలో బసలు చూడండి: మందారా 2,720, హొరోంబో 3,720, కిబో 4,720. రాత్రికి వెయ్యేసి మీటర్లు! హొరోంబోలో అదనంగా ఒక రోజు ఆగని అయిదు రోజుల యాత్రను నేను పెద్దలకే వద్దంటాను. రోజు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, అందుకే చౌక యాత్రల్లో ముందు కోత పడేది అలవాటు పడే రోజులకే.

మెట్లబావి గారూ, ఆ సంస్థను మూడు అడగండి. ఎన్ని రాత్రులు? ఎక్కడెక్కడ బస? పాప కిందికి దిగవలసివస్తే పాపతో దిగేది ఎవరు? సూటిగా జవాబు రాకపోతే అక్కడితో వదిలేయండి.

మంచుగూడు | ఆదివారం, మధ్యాహ్నం 12:20

సియాటిల్ నుంచి రాస్తున్నాను, పుట్టింది కాకినాడలో. నాలుగేళ్ళ కిందట డెనాలీకి వెళ్ళి 14,200 అడుగుల క్యాంపు నుంచి వెనక్కి వచ్చినవాడిని. పూర్ణ 2022 జూన్ 5న ఆ కొండ పైకి చేరింది. ఆమె ఏడు శిఖరాల్లో అదే చివరిది. ఎవరెస్టు గురించి అందరూ మాట్లాడతారు. డెనాలీ గురించి నేను మాట్లాడతాను.

ఎత్తు 6,190 మీటర్లే. కానీ 63 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ధ్రువాల వైపు వాతావరణపు పొర పలచబడుతుంది కాబట్టి అదే ఎత్తున్న హిమాలయ శిఖరం కంటే అక్కడ ఊపిరి కష్టం. టాల్కీట్నా అనే చిన్న ఊరి నుంచి మంచు మీద దిగే బుల్లి విమానంలో కహిల్ట్నా హిమానీనదం మీద దింపుతారు. మన సామాను పక్కన పెట్టి విమానం వెళ్ళిపోతుంది. ఆ చప్పుడు ఆగిన తరువాత వచ్చే నిశ్శబ్దం నా చెవుల్లో ఇంకా ఉంది.

అక్కడ షెర్పాలు లేరు, కూలీలు లేరు, వంటవాడు లేడు. మూడు వారాల తిండి, గుడారం, ఇంధనం అంతా మనదే. కొంత వీపున, మిగతాది నడుముకు కట్టిన మంచుబండి మీద. ఎక్కేటప్పుడు బండి వెనక్కి లాగుతుంది, దిగేటప్పుడు వెనక నుంచి వచ్చి మడమలను తంతుంది. సగం సామాను పై క్యాంపుకు మోసి, మంచులో పాతిపెట్టి, కిందికి వచ్చి పడుకోవాలి. మరునాడు మిగతా సగంతో మళ్ళీ అదే దారి. అంటే కొండను దాదాపు రెండుసార్లు ఎక్కినట్టు. పాతిన చోట వెదురు కర్రలు గుచ్చుతాము. లోతుగా పాతకపోతే మాలకాకులు తవ్వి తిండి ఎత్తుకుపోతాయి. ఇవి మన కాకుల కంటే చాలా పెద్దవి, గుడ్డ సంచీ వాటి ముక్కుకు లెక్కలోది కాదు. మా పక్క బృందం వారు అయిదు రోజుల తిండి అలాగే పోగొట్టుకుని తిరుగుముఖం పట్టారు. మలవిసర్జన కూడా డబ్బాలో చేసి మోసుకురావాలి. జూన్‌లో పూర్తి చీకటి పడదు. రాత్రి రెండు గంటలకు కూడా మసక వెలుతురులో గుడారం గుడ్డ ఎర్రగా కనిపిస్తూ ఉంటుంది.

డెనాలీ నాటికి పూర్ణకు ఇరవై రెండు నిండడానికి అయిదు రోజులు తక్కువ. అంటే ఆ రోజు వయసు రికార్డు ఏదీ లేదు. ఏడు శిఖరాల వయసు లెక్క చూస్తే, రొమేరో 2011లోనే పదిహేనేళ్ళకు ముగించేశాడు. అయినా ఆమె వచ్చింది, బండి లాగింది, ఎక్కింది. నా దృష్టిలో ఆమె గొప్పతనం 2014లో కంటే 2022లోనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇందూరు_పసుపు | ఆదివారం, మధ్యాహ్నం 1:05

తూనికరాయి గారి సవరణకు ధన్యవాదాలు, నేను తొందరపడి రాశాను. మంచుగూడు గారూ, డెనాలీ గురించి ఇంత వివరంగా ఎక్కడా చదవలేదు. మా జిల్లాలో ఎవరెస్టు ఫోటో లేని బడి ఉండదు, డెనాలీ ఫోటో ఒక్క చోట కూడా చూడలేదు.

గురుకులం_టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 2:40

మంచుగూడు గారు చెప్పిన చివరి మాట నన్ను ఆపింది. ఆమె ప్రయాణాన్ని సంవత్సరాల వారీగా చూసుకున్నాను. 2014లో ఎవరెస్టు. 2016లో కిలిమంజారో. 2017లో రష్యాలోని ఎల్బ్రస్. 2019లో మూడు: అర్జెంటీనాలోని అకొంకాగువా, కార్‌స్టెంజ్ పిరమిడ్, డిసెంబరు 26న విన్సన్. తరువాత కరోనా. 2022లో డెనాలీ. మొత్తం ఎనిమిదేళ్ళు. మధ్యలో ఇంటరు, డిగ్రీ, పరీక్షలు. విన్సన్‌కు వెళ్ళాలంటే చిలీ కొసన పుంటా అరేనాస్ నుంచి విమానంలో అంటార్కిటికా మంచు మీద దిగాలి, ఆ ఒక్క యాత్రకే నలభై వేల డాలర్లకు పైన. కార్‌స్టెంజ్ పపువా అడవుల నడుమ ఉన్న సున్నపురాతి కొండ, అక్కడ మంచు కంటే రాతి పని ఎక్కువ. భువనగిరి రాతి మీద నేర్చుకున్నది ఇన్నాళ్ళకు అక్కడ పనికివచ్చి ఉంటుంది.

నేను తలుపు తెరిచే తాళంచెవి అన్నాను. ఆ మాట మీద ఇంకా నిలబడతాను. కానీ తలుపు తెరుచుకున్నాక నడిచిన దూరం గురించి నా పిల్లలకు నేను చెప్పనే లేదని ఇప్పుడు తెలుస్తోంది. ప్రతి ఏడాదీ మే 25 గురించే చెబుతున్నాను.

తూనికరాయి | ఆదివారం, మధ్యాహ్నం 3:15

టీచర్ గారూ, నేనూ ఒక మాట సవరించుకుంటాను. పూర్ణను కొండ మీదికి తీసుకువెళ్ళింది పుట్టినరోజు గడువు కాదు, మూడు దశల శిక్షణ. ఆ రెండింటినీ నేను కలిపేశాను. అయితే మెట్లబావి గారికి ఫోను చేసినవారి దగ్గర ఉన్నది గడువు మాత్రమే. భువనగిరి రెండు రోజుల తరువాత నేరుగా కిలిమంజారో అట. మధ్యలో డార్జిలింగ్ లేదు, లద్దాఖ్ లేదు.

ఇంకో కోణం కూడా ఉంది. నేపాల్ కుర్రాడు నీమా రింజీ షెర్పా 2024 అక్టోబరు 9న, పద్దెనిమిదేళ్ళకే పద్నాలుగు 8,000 మీటర్ల శిఖరాలూ పూర్తి చేశాడు. తండ్రి పర్వతారోహకుడు, యాత్రలు నడిపే కుటుంబం. కొండ అతనికి ఇంటి విద్య. అదే వయసు చూసి మన పిల్లలను పోల్చుకుంటే ఎలా? వయసు అంకె ఒక్కటే అయినా దాని వెనక గడిచిన రోజులు వేరు.

భువనగిరి_బాట | ఆదివారం, రాత్రి 8:00

భువనగిరి గుట్ట మీద పిల్లలకు తాడు పట్టడం నా పని. మెట్లబావి గారి పాప ఎవరో నాకు తెలియకపోవచ్చు. మా దగ్గర ఏం నేర్పుతామో మాత్రం చెబుతాను.

ఏకశిల అది, పడుకున్న ఏనుగు వీపులా ఉంటుంది. దూరం నుంచి చూస్తే నున్నగా ఉంటుంది, చేయి పెడితే ఉప్పు పలుకుల్లాంటి గరుకు తగులుతుంది. మొదటి రోజు ప్రతి పిల్లా ఒకే తప్పు చేస్తుంది. భయంతో రాతిని కావలించుకుంటుంది. అలా ఒరిగితే బరువు కాళ్ళ మీద నుంచి పోయి బూటు జారుతుంది. "రాతికి దూరంగా జరుగు, నిటారుగా నిలబడు, మడమ దించు, అరికాలిని నమ్ము" అని రోజంతా అరుస్తాము. ఆ నమ్మకం కుదిరే క్షణం ముఖంలో తెలిసిపోతుంది. పట్టు కోసం వెతికే చేతులు ఆగిపోతాయి, చూపు కాళ్ళ దగ్గరికి దిగుతుంది.

రెండోది ముడి. ఎనిమిది అంకె ఆకారంలో వేసే ముడి. ఎవరి ముడి వాళ్ళు వేసుకుంటారు, పక్కవాళ్ళది కూడా తప్పకుండా చూస్తారు. ఒక పిల్ల నా ముడి చూసి, "సార్, మీ తాడు కొస పొట్టిగా ఉంది" అంది. నిజంగానే పొట్టిగా ఉంది. విప్పి మళ్ళీ కట్టుకున్నాను. ఆ రోజు ఆ పిల్ల సగం రాయి కూడా ఎక్కలేదు. అయినా పర్వతారోహణకు తగిన పిల్ల అని ఆమె పేరే రాసుకున్నాను.

మా శిక్షణ రెండు రోజులదే. అది రుచి చూపించడం వరకే. ఏడాది పాటు నెలకు రెండు ఆదివారాలు వచ్చినవారికే తరువాతి మెట్టు గురించి మాట్లాడతాము. పాపకు ఆసక్తి ఉంటే రమ్మనండి. వర్షాకాలంలో రాయి తడిగా ఉన్నప్పుడు మాత్రం ఎక్కించము, ఎంత దూరం నుంచి వచ్చినా సరే వెనక్కి పంపిస్తాము. కొందరు తల్లిదండ్రులు అప్పుడు కోప్పడతారు.

నాడి | ఆదివారం, రాత్రి 8:25

తడి రాయి దగ్గర నుంచి పిల్లలను వెనక్కి పంపే శిక్షకుడి మీద నాకు పూర్తి నమ్మకం. మెట్లబావి గారూ, మీకు కావలసిన మనుషులు దొరికారు.

మెట్లబావి | తరువాతి శనివారం, రాత్రి 9:30

వారం రోజులు రాయలేదు, మన్నించండి. అన్నీ అచ్చు తీసి ఇంట్లో చదివి వినిపించాను.

నాడి గారు చెప్పిన మూడు ప్రశ్నలు ఆ సంస్థవారిని అడిగాను. అయిదు రోజుల యాత్ర, మరంగు దారి, హొరోంబోలో అదనపు రోజు లేదు. పాప దిగవలసివస్తే ఎవరు వెంట ఉంటారు అంటే, "అలా జరగదు సార్" అన్నారు. వద్దని చెప్పేశాను. వచ్చే నెల పుట్టినరోజు దాటితే అవకాశం పోతుందని మరో రెండుసార్లు ఫోను చేశారు.

పాపకు చెప్పడం కష్టమైంది. ఒక పూట అన్నం తినలేదు. తరువాత మంచుగూడు గారు రాసింది ఆమె చేతికే ఇచ్చి చదవమన్నాను. చదివి, పటం దగ్గరికి వెళ్ళి, అలాస్కా చుక్క పక్కన పెన్సిలుతో "21" అని రాసింది. దాని కింద, తనకు ఇరవై ఒకటి వచ్చే సంవత్సరం వేసుకుంది. ఎవరెస్టు పక్కన ఏమీ రాయలేదు. ఎందుకని నేను అడగలేదు.

ఈ వారంలో ఒక రోజు భువనగిరికి వెళ్ళాము, రేపు మళ్ళీ వెళుతున్నాము. భువనగిరి_బాట గారిని కలిశాను. పాప నా ముడి కూడా చూసి కానీ నన్ను గుట్ట కింద నుంచి కదలనివ్వలేదు, నేను పది అడుగులు కూడా ఎక్కలేకపోయాను. మా ఆవిడ ఈసారి పులిహోర కట్టుకుని తనూ వస్తానంటోంది.

టీచర్ గారూ, మీ చివరి బెంచీ పిల్ల గురించి చదివినప్పుడు మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆ సంగతి మీకు చెప్పమంది.

మంచుగూడు గారూ, మా పాప మిమ్మల్ని ఒకటి అడగమంది. మాలకాకులకు అందకుండా ఉండాలంటే గొయ్యి ఎంత లోతు తవ్వాలి?

మంచుగూడు | తరువాతి శనివారం, రాత్రి 10:02

కనీసం మీటరు లోతు అని పాపకు చెప్పండి. పైన మంచును గట్టిగా తొక్కాలి. వెదురు కర్ర పొడుగ్గా ఉండాలి, రాత్రి కురిసే మంచుకు పొట్టి కర్ర మునిగిపోతుంది. నాది మునిగిపోయింది, రెండు గంటలు వెతుక్కున్నాను.